ఆయాసం ఎవరి పుట్టింటి నుంచి వచ్చింది?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, అప్పులు, రికవరీ లెక్కలు ఇంతసేపూ విన్నారు. భోజనాల ముందు మాకిచ్చిన సమయం కొంచెమే. అందుకని ఈసారి పది సంగతులు చెప్పకుండా ఒక్కటే తీసుకున్నాం. పిల్లలకు వచ్చే ఆస్తమా. మన మాటల్లో ఉబ్బసం, ఆయాసం. అందులోనూ ఒక్క ప్రశ్నే: అది వంశంలో వస్తుందా?

ఈ ప్రశ్నే ఎందుకంటే, సంఘాల్లో ఆస్తమా మాట ఎత్తితే మందు గురించి అడిగేవాళ్లు తక్కువ. ఎవరి వైపు నుంచి వచ్చిందని అడిగేవాళ్లు ఎక్కువ. అత్తగారు కోడలి పుట్టింటి పేరెత్తుతుంది. కోడలు నోరు మూసుకుంటుంది, లేదంటే మామగారి దగ్గు గుర్తుచేస్తుంది. పిల్ల మాత్రం రాత్రంతా దిండు మీద కూర్చునే నిద్రపోతుంది. ఇంకో సంగతి దీనికన్నా బరువైనది. ఆడపిల్లకు ఆయాసం ఉంటే ఇంటి గడప దాటనివ్వరు ఆ మాటని. "పంపు పీలుస్తోందని తెలిస్తే రేపు సంబంధాలు వస్తాయా?" అంటారు. పంపు బీరువాలో ఉంటుంది, పిల్ల బడి మెట్ల మీద ఎగపోస్తూ కూర్చుంటుంది. వంశం అనే మాట మీద మనకున్న భయం వల్లే ఇదంతా జరుగుతోంది కాబట్టి ఆ మాటనే విప్పి చూద్దామని అనుకున్నాం.

అవును, వంశంలో వస్తుంది. దాచడానికి ఏమీ లేదు. తల్లికో తండ్రికో ఆస్తమా ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం మిగతా పిల్లలకన్నా సుమారు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇద్దరికీ ఉంటే ఇంకా ఎక్కువ. రెట్లు అనగానే గుండె జారిపోతుంది. కానీ మనం లెక్కలు రాసేవాళ్లం, వేసి చూద్దాం. మాట వరసకు 100 మంది పిల్లల్లో 5 గురికి ఆస్తమా ఉందనుకోండి. మూడు రెట్లంటే 15 మంది. అంటే అమ్మకు ఆస్తమా ఉన్న 100 మంది పిల్లల్లో 85 మందికి రాదు. అటువైపు, ఇంట్లో ఎవరికీ లేకుండానే ఆస్తమా వచ్చిన పిల్లలు బోలెడంత మంది.

మరి తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చేదేమిటి? జబ్బు రాదు. జబ్బు పట్టడానికి వీలుండే తత్వం వస్తుంది. ఊపిరి గొట్టాలు తొందరగా వాచిపోయే తత్వం, దుమ్ముకో పుప్పొడికో ఒళ్లు ఎక్కువగా స్పందించే తత్వం. ఏజెన్సీ గ్రామాల అక్కలకు సికిల్ సెల్ గురించి బాగా తెలుసు. అక్కడ ఒక్క జన్యువు లెక్క. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, లోపమున్నవి రెండూ కలిస్తే జబ్బు. అందుకే మేనరికాల దగ్గర, ఒకే కుటుంబంలో చేసుకునే పెళ్లిళ్ల దగ్గర ఆ జబ్బుకు అంత జాగ్రత్త చెప్తారు. ఆస్తమా ఆ రకం కాదు. మన సంఘ నిధి ఏ ఒక్కరి పొదుపుతో కూడింది? ఎవరికి వాళ్లు కొంచెం కొంచెం వేస్తేనే మొత్తమైంది. ఆస్తమాలో జన్యువులూ అంతే. దానితో సంబంధం ఉన్న చోట్లు మన జన్యువుల్లో ఇప్పటికి వందకు పైగా కనిపెట్టారు. ఒక్కొక్కటి వేసేది చాలా తక్కువ. కొన్ని అమ్మ నుంచి, కొన్ని నాన్న నుంచి. ఆ చిట్టాలో ఒక్క పేరు మీద వేలు పెట్టి "ఇదిగో ఈ ఇంటి నుంచే వచ్చింది" అని చెప్పడం ఏ డాక్టరుకూ చేతకాదు. అత్తగారికి ఎలా చేతనైందో మాకు తెలియదు.

వంశం బలమెంతో, ఎక్కడ ఆగుతుందో చూపించే ఊళ్లు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. అట్లాంటిక్ సముద్రం మధ్యలో ట్రిస్టన్ డ కున్యా అనే చిన్న దీవి ఉంది. అందరూ కలిపి మూడు వందల మంది ఉండరు. వాళ్లంతా మొదట్లో అక్కడికి చేరిన పదిహేను మంది సంతానం. ఆ తొలివాళ్లలో కొందరికి ఆయాసం ఉండేది. 1961లో దీవిలో అగ్నిపర్వతం పేలి, ఊరు ఊరంతా ఓడెక్కి ఇంగ్లండు వెళ్లాల్సి వచ్చింది. అక్కడ పరీక్షలు చేస్తే ఇంతమందికి ఆస్తమా ఉందేమిటని డాక్టర్లు ఆశ్చర్యపోయారు. తర్వాత 1993లో కెనడాలోని టొరంటో నుంచి పరిశోధకులు ఆ దీవికే వెళ్లి రక్తం నమూనాలు తెచ్చారు. సగానికి పైగా మందిలో ఆస్తమాయో దాని ఛాయలో కనిపించాయి. వంశం ఎంత పని చేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ మిగతావాళ్లనూ చూడండి. అదే పదిహేను మంది రక్తం, అదే దీవి, అదే గాలి. వాళ్లకు ఏమీ లేదు.

రెండో ఉదాహరణ అమెరికాది. మాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఇది పశువుల పాకల కథ. ఆమిష్ అని, హట్టరైట్ అని రెండు రైతు సమాజాలున్నాయి. ఎప్పుడో యూరప్ నుంచి వలస వచ్చినవాళ్లు. వంశం దాదాపు ఒకే తీరు, తిండీ దగ్గర దగ్గరే, పిల్లలకు టీవీలు లేవు, ఇళ్లలో కుక్కలూ పిల్లులూ పెంచరు. తేడా ఒక్కటే. ఆమిష్ వాళ్లది పాతకాలపు సేద్యం. గుర్రాలతో దున్నుతారు, పశువుల పాక ఇంటి పక్కనే, పిల్లలు అందులోనే ఆడతారు. హట్టరైట్లది పెద్ద యంత్రాల సేద్యం, పశువులు ఇళ్లకు దూరంగా. 2016లో వచ్చిన పరిశోధన ప్రకారం ఆమిష్ పిల్లల్లో ఆస్తమా 100కి సుమారు 5 గురిలో, హట్టరైట్ పిల్లల్లో 21 మందిలో. ఒకే రకం వంశానికి నాలుగు రెట్ల తేడా వచ్చింది. ఆమిష్ ఇళ్ల దుమ్ములో పశువుల పాకల సూక్ష్మజీవుల ఆనవాళ్లు ఎక్కువ. పసితనం నుంచీ వాటితో పెరిగిన ఒళ్లు ప్రతి దుమ్ముకణానికీ ఉలిక్కిపడకుండా నేర్చుకుందని పరిశోధకుల ఆలోచన.

ఇది విని రేపటి నుంచి ఆయాసమున్న పిల్లని పాకలో కూర్చోబెట్టేరు, ఆ పని చేయొద్దు. పుట్టకముందు నుంచీ, పసితనంలోనూ జరిగే సంగతి అది. ఇప్పటికే ఆస్తమా ఉన్న పిల్లకు గడ్డివాము దుమ్ము, నూర్పిడి దుమ్ము కొత్తగా ఆయాసం తెస్తాయి.

ఇక పొగ. మేం ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే.

2007లో ఇంగ్లండు, జర్మనీ పిల్లల్ని, ఆస్తమా ఉన్న వెయ్యి మందిని, లేని పన్నెండు వందల మందిని పోల్చి చూసి, 17వ నంబరు క్రోమోజోములో ఒక చోటుకు చిన్నతనపు ఆస్తమాతో గట్టి సంబంధం ఉందని తేల్చారు. క్రోమోజోము అంటే జన్యువులన్నీ చుట్టగా ఉన్న దారం అనుకోండి. అక్కడి మార్పు చాలా మామూలుది, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ బోలెడు మందికి ఉంటుంది. మరుసటి ఏడాది, 2008లో, ఫ్రాన్స్ కుటుంబాల మీద చేసిన పరిశోధన ఇంకో ముక్క కలిపింది. ఆ మార్పు ప్రభావం నాలుగేళ్లలోపు మొదలైన ఆస్తమాలోనే కనిపిస్తోంది, అందులోనూ పసితనంలో ఇంట్లో సిగరెట్టు పొగ పీల్చిన పిల్లల్లో మరీ ఎక్కువ. అంటే వంశం తలుపు ఓరగా తీసి ఉంచింది, పొగ దాన్ని తోసింది. తలుపు మనం పెట్టింది కాదు, పొగ మనింట్లోదే.

మనింట్లో ఏ పొగలున్నాయో ఒకసారి లెక్కపెట్టుకోండి. ఇంటాయన బీడీ, సిగరెట్టు. మంచం కింద దోమల కాయిల్. కట్టెల పొయ్యి. మా ఉత్తరాంధ్ర వైపు ఊళ్లలో నాయనమ్మల అడ్డచుట్ట కూడా. నిప్పు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది కాబట్టి పొగ బయటికి రాదని ఆమె నమ్మకం, ఒళ్లో మాత్రం మనవడు ఉంటాడు. ఇంకొకటుంది, చెప్తే ముసలమ్మలు మా మీద కోప్పడతారు. బాలింతకూ పసిబిడ్డకూ తలంటు పోశాక వేసే సాంబ్రాణి. ఆచారం మీద మాకు పేచీ లేదు. వేసే ప్రేమ మీద అసలే లేదు. కానీ మూసిన గదిలో నెలల బిడ్డ మొహానికి పట్టే ఆ పొగ, ఊపిరితిత్తుల లెక్కలో, పొగే. జుట్టు ఆరడానికి మెత్తటి గుడ్డ చాలు.

పొయ్యి సంగతిలో మన సంఘాలకు ఒక చరిత్ర ఉంది. 1999లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు డ్వాక్రా మహిళల పేరునే ఇచ్చారు. 2016లో ఉజ్వల వచ్చింది. 2024 నుంచి మన రాష్ట్రంలో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. కాబట్టి గ్యాస్ లేని ఇల్లు ఇప్పుడు తక్కువే. కానీ నీళ్లు కాచుకోవడానికి, పశువులకు దాణా ఉడకబెట్టడానికి కట్టెల పొయ్యి వెలుగుతూనే ఉంది, అదీ చాలాచోట్ల పిల్లలు పడుకునే వసారాకు ఆనుకుని. పొయ్యి మానేయమని చెప్పడం తేలిక. సిలిండరు ఖర్చు మాకూ తెలుసు. కనీసం ఆయాసమున్న పిల్ల ఉన్న ఇంట్లో పొయ్యిని పెరట్లోకి జరపొచ్చు, పొగ వచ్చేంతసేపూ పిల్లని అవతల ఉంచొచ్చు.

తల్లి సంగతి విడిగా చెప్పాలి. చాలా అధ్యయనాలు కలిపి చూస్తే తండ్రి ఆస్తమాకన్నా తల్లి ఆస్తమా బిడ్డ మీద కొంచెం ఎక్కువ ప్రభావం చూపుతోంది. ఈ మాటను ఎవరూ సగంలో పట్టుకుని ఇంటికి తీసుకెళ్లకండి. మిగతా సగం కూడా వినండి. జన్యువులు ఇద్దరూ సమానంగానే ఇచ్చారు. తొమ్మిది నెలలు బిడ్డ ఉండేది మాత్రం తల్లి కడుపులో. ఆమె పీల్చిన పొగ, ఆమెకు ఆడని ఊపిరి బిడ్డదాకా వెళ్తాయి. కడుపుతో ఉన్నప్పుడు మందులు మంచివి కావని పంపు మానేసే ఆడవాళ్లు చాలామంది. అదుపులేని ఆస్తమా వల్లే బిడ్డ నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువ కావడం ఎక్కువగా జరుగుతాయి. కాబట్టి కోడలికి ఆయాసం ఉందని తెలిస్తే ఆ ఇల్లు చేయాల్సింది ఆమె పుట్టింటి గురించి మాట్లాడటం కాదు, గర్భిణి పరీక్షలప్పుడు ఏఎన్ఎంకు ఆ సంగతి చెప్పి పంపు మానకుండా చూడటం.

పొగ మాట వదిలేముందు ఒకటి. కాలిఫోర్నియాలో 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో, అమ్మమ్మ తను కడుపుతో ఉన్నప్పుడు పొగతాగి ఉంటే మనవలకు ఆస్తమా ఎక్కువగా కనిపించింది, మధ్యలో తల్లి పొగతాగకపోయినా సరే. ఒక్క అధ్యయనంతో ఏదీ తేలిపోదు. అయినా అడ్డచుట్ట దగ్గర ఈ కథ చెప్పి చూడండి.

అసలు రక్తపరీక్ష చేయించి ముందే తెలుసుకుంటే పోలేదా అని కొందరు చదువుకున్న చెల్లెళ్లు అడిగారు. 2010లో పది వేల మందికి పైగా ఆస్తమా ఉన్నవాళ్ల జన్యువుల్ని, పదహారు వేల మంది లేనివాళ్ల జన్యువుల్ని పోల్చిన పెద్ద పరిశోధన జరిగింది. ఎన్నో చోట్లు దొరికాయి. కానీ అవన్నీ కలిపినా ఏ బిడ్డకు వస్తుందో ఏ బిడ్డకు రాదో చెప్పడానికి పనికిరావని ఆ పరిశోధకులే రాశారు. కాబట్టి జన్యు పరీక్షల ప్యాకేజీ అని ఎవరైనా వస్తే సంఘం డబ్బు దానికి పెట్టకండి. దానికన్నా మంచి పరీక్ష మీ దగ్గరే ఉంది, పైసా ఖర్చు లేదు. అమ్మకు, నాన్నకు, తోబుట్టువులకు ఆస్తమా ఉందా? పొద్దున్నే తుమ్ముల మీద తుమ్ములు వచ్చే అలర్జీ ఉందా? బిడ్డకు మోచేతి మడతల్లో, మోకాలి వెనక దురదపెట్టే ఎర్రటి మచ్చలు పసితనంలో వచ్చాయా? చర్మం పైపొరను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీను ఉంది. దాని జన్యువులో లోపమున్న పిల్లలకు ముందు ఈ చర్మం జబ్బు, తర్వాత ఆస్తమా రావడం ఎక్కువని 2006లో కనిపెట్టారు. ఈ నాలుగు మాటలు డాక్టరుకు చెప్తే, పదేపదే వచ్చే దగ్గు జలుబా ఆస్తమానా అని తేల్చడం సులువవుతుంది. దాచితే ఏడాది పొడవునా దగ్గు సిరప్పులూ, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్లూ. మన సంఘాల్లో ఆసుపత్రి పేరు మీద తీసుకునే చిన్న అప్పుల్లో ఇవెన్ని ఉంటాయో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు పంపు. "అలవాటైపోతుంది, ఆఖరి మందు అది" అనే మాట అన్ని ఊళ్లలోనూ ఉంది. లెక్క చూడండి. ఆయాసం తగ్గించే సాల్బుటమాల్ మాత్ర 2 మిల్లీగ్రాములది. పంపు ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్రలో ఇరవై నొక్కుల మందు ఉంది. మాత్ర ఒళ్లంతా తిరిగి, చేయి వణికించి, గుండె దడ పుట్టించి ఊపిరితిత్తులకు చేరుతుంది. పంపు మందు నేరుగా వెళ్తుంది. తక్కువ మందు ఏది మరి?

పంపులు రెండు రకాలు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తగ్గించేది. రెండోది రోజూ వాడాల్సినది, బుడెసొనైడ్ లాంటిది, లోపలి వాపు తగ్గిస్తుంది. పిల్ల బాగుందని తల్లులు ముందుగా మానేసేది ఈ రెండోదే. దీనివల్ల పొడుగు తగ్గుతారనే భయం కూడా ఉంది. ఏళ్ల తరబడి వాడిన పిల్లలు పెద్దయ్యాక సుమారు ఒక సెంటీమీటరు తగ్గారని ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. ఆ సెంటీమీటరు సంగతి మీ దగ్గర దాచం. కానీ ఊపిరాడక బడి మానేసి, ఆట మానేసి కూర్చున్న పిల్లకు జరిగే నష్టాన్ని దాని పక్కన పెట్టి చూడండి.

చిన్నపిల్లలకు పంపు మందు నోట్లోనే అంటుకుపోతుంది, అందుకు మధ్యలో స్పేసరు అనే గొట్టం ఉండాలి. దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో 1999లో చేసిన పరీక్షలో అరలీటరు ప్లాస్టిక్ సీసాకు చిల్లి చేసి, పంపు సందు లేకుండా బిగించి వాడితే కొన్న స్పేసరంత బాగానే పనిచేసిందని తేలింది. స్పేసరు కొనలేమనే కారణం ఇక చెప్పకండి. కాకపోతే మొదటిసారి డాక్టరు ముందే చేసి చూపించుకోండి. రోజువారీ పంపు వాడాక నోరు పుక్కిలించి ఉమ్మాలి.

మృగశిర కార్తెకి హైదరాబాదు వెళ్లి చేప మందు మింగించేవాళ్లు మనలోనూ ఉన్నారు. నమ్మకం ఉన్నవాళ్లతో వాదన పెట్టుకోం. అది ఆస్తమాను తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదన్నది మాత్రం చెప్పి తీరాలి. కొర్రమీను మింగించామని ఇంటికొచ్చి పంపు పక్కన పెట్టడమే ప్రాణాల మీదకు తెస్తుంది. పిల్ల రెండు మాటలు కలిపి అనలేకపోతున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా ఎవరి సలహా కోసమూ ఆగకండి. పంపు ఇస్తూ 108కి ఫోన్ చేయండి.

సంబంధాల సంగతికి వద్దాం. చిన్నతనంలో ఆస్తమా మగపిల్లల్లో ఎక్కువ. ఈడొచ్చాక ఆడపిల్లల్లో ఎక్కువవుతుంది. అంటే సరిగ్గా మనం దాచడం మొదలుపెట్టే వయసులోనే ఆమెకు మందు అవసరం పెరుగుతుంది. అబ్బాయికి ఆయాసం ఉంటే ఏ పెళ్లిచూపుల్లోనూ ఎవరూ అడగరు. జన్యువుల్లో సగం అతనివే కదా. సంబంధం అడగడానికి వచ్చినవాళ్లు అమ్మాయి పంపు చూసి వెనక్కి పోతే పోనివ్వండి. ఆ ఇంట్లో ఆమె ఆయాసానికి మంచినీళ్లు కూడా ఇచ్చేవాళ్లుండరని ముందే తెలిసింది. అయినా మనమంతా పిల్లలున్నవాళ్లమే. ఈ హాల్లో అబ్బాయిల తల్లులు సగం మంది ఉన్నారు. పోనిచ్చేవాళ్లూ మనమే, రానిచ్చేవాళ్లూ మనమే.

చివరిగా పనుల సంగతి. ఉపసంఘం పెట్టిన ప్రతిపాదన ఇది. ఐదేళ్లలోపు పిల్లలున్న ప్రతి సభ్యురాలూ ఇందాక చెప్పిన నాలుగు మాటలు, అంటే ఎవరికి ఆస్తమా, ఎవరికి అలర్జీ, బిడ్డకు చర్మం జబ్బు ఉందా, దగ్గు ఎన్నిసార్లు వచ్చింది అన్నవి ఒక కాగితం మీద రాసుకుని తల్లీబిడ్డల రక్షణ కార్డులో పెట్టుకోవాలి. సంఘం రిజిస్టరులో ఎక్కించం, యానిమేటరు కూడా అడగరు. ఆ కాగితం డాక్టరుకు చూపించడానికే. బడికీ అంగన్‌వాడీకీ ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం వచ్చినప్పుడు పిల్లికూతల సంగతి మీరే ముందుగా చెప్పండి, వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో అదీ ఉంది. బడికెళ్లే పిల్లల పంపు ఒకటి టీచరు దగ్గర ఉంచేలా, గ్రామ సంఘం నుంచి ఇద్దరు వెళ్లి హెడ్మాస్టరుతో మాట్లాడాలి. ఒక్క తల్లి వెళ్తే పేరు బయటపడుతుందని జంకుతుంది. సంఘం వెళ్తే ఏ పేరూ అక్కర్లేదు.

స్పేసరు ఒకటి, సీసాతో చేసింది ఒకటి తెచ్చాం. అవతల బల్ల మీద ఉన్నాయి. భోజనానికి లేచేటప్పుడు చేత్తో పట్టుకుని చూడండి, అడగాల్సినవి అక్కడ అడగండి.